శివారు భూములకి నీళ్లందాయా? తొమ్మిది రోజుల ఐసీయూ మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఆసుపత్రి పేరు రాయను. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అంతవరకే. పేరు రాస్తే మెచ్చుకున్నచోట డబ్బులు తీసుకున్నాననుకుంటారు, తప్పుపట్టినచోట బిల్లు దగ్గర గొడవైందనుకుంటారు. గొడవైన మాట నిజమే. అది తర్వాత చెప్తా.

మా ఆవిడ అక్కడ ఐసీయూలో తొమ్మిది రోజులు, వార్డులో ఐదు రోజులు ఉండి ఇంటికొచ్చింది. వచ్చిన రెండో రోజే ఫోనుకి లింకు పంపారు, మా సేవలు ఎలా ఉన్నాయని. "ఐదు స్టార్లు కొట్టేయండి నాన్నా, పనైపోతుంది" అన్నాడు మా అబ్బాయి. నాకు చెయ్యి రాలేదు. కొమ్మమూరు కాలువ మీద ముప్పై నాలుగేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. నీటిమట్టం చూపే గేజి చూడకుండా రిజిస్టర్లో అంకె వేసిన రోజు లేదు. సరే, జోరువానలో ఒకటి రెండు సార్లు వేసి ఉంటాను. కానీ పెళ్లాం ప్రాణం పోయి తిరిగొచ్చిన చోటికి అలా వెయ్యబుద్ధి కాలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఆ మంగళవారం పొద్దున ఆవిడ వణుకుతూ లేచింది. ఎడమ పక్క నడుము నొప్పి, చలి, జ్వరం. పదహారేళ్లుగా షుగరు ఉంది. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే ఇంజక్షన్ చేసి, వైరల్ జ్వరమని మాత్రలిచ్చి పంపారు. మూత్ర పరీక్ష మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. సాయంత్రానికి మనిషి మత్తుగా అయిపోయింది. "పాలు కాచారా?" అని అరగంటలో నాలుగుసార్లు అడిగింది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, ఎర్రగా, మెత్తగా ఉంది. ఒంట్లో రక్తం బాగానే ఆడుతోందిలే అనుకున్నాను. ఇంట్లో బీపీ మిషన్ పెడితే మూడుసార్లు ఎర్రర్ అని చూపించి, నాలుగోసారి 84/46 అంది. బ్యాటరీలు అయిపోయాయనుకుని కొత్తవి తేవడానికి కొట్టుకి బయల్దేరాను కూడా. ఈ సందర్భంగా ఆ మిషన్‌కి క్షమాపణలు. అది కరెక్టుగానే చెప్పింది. దానికి మాత్రం ఐదు స్టార్లు.

ఎదురింటి కుర్రాడు కారు తీశాడు. క్యాజువాలిటీలో బీపీ 76/40. అక్కడ వాళ్లు చేసిన పని మాత్రం నేను ఇప్పటికీ మనసులో మెచ్చుకుంటూనే ఉంటాను. పడుకోబెట్టిన పది నిమిషాల్లో రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్ సీసాల్లో పోశారు. ఆ తర్వాతే యాంటీబయాటిక్ ఎక్కించారు. వరస తిరగబడితే ఏ పురుగో తెలియదట. గంట తిరక్కముందే మందు ఒంట్లోకి వెళ్లింది. బరువు అడిగారు. 58 కిలోలన్నాను. కిలోకి 30 ఎంఎల్ చొప్పున లెక్కేసి, మూడు గంటల్లో పదిహేడు వందల పైచిలుకు సెలైన్ పెట్టారు. రాత్రి స్కాన్‌లో ఎడమ మూత్రనాళంలో రాయి అడ్డం పడి, పైన కిడ్నీ ఉబ్బి, చీము పట్టినట్టు తేలింది. అర్ధరాత్రి పన్నెండుంపావుకి యూరాలజీ డాక్టరు ఇంటి దగ్గర్నుంచి వచ్చి స్టెంటు వేసి దారి తెరిచాడు. తెల్లారనివ్వండి చూద్దాం అనలేదు. ఈ భాగానికి వంక పెట్టేవాడెవడైనా ఉంటే నా దగ్గరికి పంపండి.

ఇక రెండో భాగం, మనుషులతో మాట్లాడటం. ఐసీయూ బయట ఒక గది ఉంది, దానికి కౌన్సెలింగ్ రూమ్ అని బోర్డు. అందులో ఒకాయన నిలబడే చెప్పాడు: "ఇన్ఫెక్షన్ బ్లడ్‌లోకి పోయింది అంకుల్, సెప్టిక్ షాక్, బీపీ డౌన్, సీరియస్. ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం." నాకొక సందేహం వచ్చింది. "కిడ్నీలో చీముంటే బీపీ ఎందుకు పడిపోవాలండీ? రక్తం పోలేదు కదా, గుండెజబ్బు లేదు కదా?" అన్నాను. "అదే షాక్ అంకుల్" అన్నాడు. నాకు తెలిసిన షాక్ కరెంటు స్తంభం దగ్గర కొట్టేది. ఐదు సంతకాలు పెట్టి బయటికొచ్చాను. చదువుకున్నవాళ్లు తమ పనిని ఇంత పేదగా చెప్పుకోవడం చూస్తే బాధేస్తుంది. లోపల జరుగుతున్నది అద్భుతం. బయట చెప్పేది రెండు ముక్కలు.

అర్థమయ్యేలా చెప్పింది మా మేనకోడలు. విశాఖపట్నంలో మత్తుడాక్టరు కోర్సు పీజీ చేస్తోంది. రాత్రి ఒంటిగంటన్నరకి డ్యూటీ మధ్యలో ఫోన్ ఎత్తింది. వెయిటింగ్ హాల్లో ఏసీ గడ్డకట్టిస్తుంటే మెట్ల మీద కూర్చుని మాట్లాడాను.

"మామయ్యా, గుండె నిమిషానికి ఐదు లీటర్లు తోడుతుందనుకోండి. రెండు కిడ్నీలూ కలిపి మూడొందల గ్రాములుండవు, కానీ అందులో లీటరు దాకా వాటికే పోతుంది. మెదడుకి ముప్పావు లీటరు. మిగతాది పేగులూ కండలూ చర్మమూ పంచుకుంటాయి. ఎవరికెంత అన్నది ఎవరు తేలుస్తారు? సన్న రక్తనాళాల గోడల్లో కండరం పట్టీలు ఉంటాయి. అవి బిగిస్తే తగ్గుతుంది, వదిలేస్తే పెరుగుతుంది."

"తూము షట్టర్లన్నమాట" అన్నాను.

"అవే. వాటిని తిప్పేవి రసాయనాలు."

నాకు అప్పుడు నిద్ర ఎగిరిపోయింది. అది నా శాఖ. మా దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే దుగ్గిరాల లాకుల దగ్గర పంపకం. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోవాలి. మధ్యలో ఎన్నో తూములు. పైనున్న రైతు వంతు లేకపోయినా షట్టరు ఎత్తితే కిందున్నవాడి నారు ఎండుతుంది. ఉద్యోగమంతా నేను చేసింది ఆ పంచాయితీయే.

"మరి పైనుంచి ఆర్డరు ఎవరిస్తారు? మెదడేనా?" అని అడిగాను.

"అక్కడే మీ కాలువకీ దీనికీ తేడా మామయ్యా. పైనుంచీ వస్తుంది, పొలం కూడా అడుగుతుంది." నరాల కొసల నుంచి నోరాడ్రినలిన్ వచ్చి షట్టర్లు బిగిస్తుందట. కిడ్నీ తనకు ప్రెషర్ తగ్గినట్టు కనిపెట్టి రెనిన్ వదులుతుంది, దాని వల్ల యాంజియోటెన్సిన్ పుట్టి ఇంకా బిగిస్తుంది. మెదడు కింద వేలాడే పిట్యూటరీ నుంచి వాసోప్రెసిన్ అనేది వస్తుంది. ఇవి పైనుంచి వచ్చే ఆర్డర్లు. పేగులకీ చర్మానికీ ముందు కోత పడుతుంది, మెదడునీ గుండెనీ చివరిదాకా కాపాడతాయి. ఇక పొలం సంగతి. ఏ కండ ఎక్కువ పనిచేస్తే అక్కడ బొగ్గుపులుసు వాయువు, ఆమ్లం, అడినోసిన్ లాంటివి పోగుపడి, ఆ చుట్టుపక్కల షట్టర్లని అవే తెరిపించేస్తాయి. అంటే చేను దాహమేస్తే తన తూము తనే ఎత్తుకుంటుంది. అర్జీ లేదు, షట్టరు తిప్పే లస్కరు లేడు. మా శాఖలో ఇదొక్కటి ఉంటే సగం కోర్టు కేసులు ఉండేవి కావు.

ఇవి కాక రక్తనాళం లోపలి పొర కూడా రెండు రకాల కబుర్లు పంపుతుందట. బిగించమని చెప్పేది ఎండోథీలిన్, 1988లో జపాన్‌లో కనిపెట్టారు. వదలమని చెప్పేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. రక్తనాళంలో వాయువేమిటని నమ్మబుద్ధి కాలేదు. "మీ అన్నయ్యగారు చొక్కా జేబులో సార్బిట్రేట్ మాత్ర పెట్టుకుని తిరుగుతారే, అది నాలుక కింద కరిగి చివరికి చేసేది ఈ వాయువు పనే" అంది. లోపలి పొర నుంచి ఏదో కబురు వెళ్తేనే నాళం వదులవుతుందని అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే ఆయన 1980లో తేల్చాడట. అది నైట్రిక్ ఆక్సైడేనని తర్వాత తెలిసింది. 1998లో ఆయనకీ, ఇగ్నారోకీ, మురాద్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు.

మామూలు రోజుల్లో ఆ వాయువు చిటికెడే పుడుతుంది, క్షణాల్లో ఆవిరవుతుంది. అవసరమున్నచోట చిన్న షట్టరు కాస్త ఎత్తి వదిలేస్తుంది. కానీ సూక్ష్మజీవి గోడ ముక్కలు రక్తంలోకి వస్తే, రక్షణకణాలు గోలపెట్టి ఇంకొన్ని రసాయనాలు వదులుతాయి. ఆ గోల విని రక్తనాళపు కండరమే ఈ వాయువుని తయారుచేయడం మొదలుపెడుతుంది. అదీ చిటికెడు కాదు, గంటల తరబడి, రోజుల తరబడి, కుళాయి కట్టేసేవాడు లేనట్టు. ఒళ్లంతా షట్టర్లు ఒకేసారి ఎత్తేస్తారు. నోరాడ్రినలిన్ వచ్చి దించమన్నా ఆ కండరం మాట వినదు.

అన్ని తూములూ ఒకేసారి ఎత్తితే ఏమవుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు. కాలువ మట్టం పడిపోతుంది. బ్యారేజీ నుంచి క్యూసెక్కులు అలాగే వస్తుంటాయి, ఇంకా ఎక్కువే వస్తుండొచ్చు, కానీ మెరకనున్న తూముకి నీళ్లెక్కవు. మా ఆవిడ గుండె ఆ రాత్రి మామూలు కంటే ఎక్కువే తోడుతోంది. చేతులు వెచ్చగా ఉన్నది అందుకే, చర్మం దగ్గర షట్టర్లు బార్లా తెరుచుకున్నాయి. నేను చెయ్యి పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాను చూశారా, ఆ వెచ్చదనమే జబ్బు. ఆ మాట విన్నాక మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఐసీయూలో చేసేది మళ్లీ షట్టర్లు దించడం. మెడ దగ్గర లావు సూది పెట్టి సిరంజి పంపుతో నోరాడ్రినలిన్ ఎక్కిస్తారు. సిస్టర్లు దాన్ని నోరాడ్ అంటారు, "నోరాడ్ ఎనిమిది మీద నడుస్తోంది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. మణికట్టులో ఇంకో సూదికి మానిటర్ తగిలించి ఉంటుంది, ఎర్ర గీత ఎగిరెగిరి పడుతూ. పక్కన బ్రాకెట్లో ఒక అంకె. అది సగటు ప్రెషర్. కింది అంకెని రెండుతో గుణించి, పైదానికి కలిపి, మూడుతో భాగిస్తే సుమారుగా వస్తుంది. వచ్చిన రోజు 52. దాన్ని 65 మీద నిలబెట్టాలన్నది వాళ్ల లెక్క. బుధవారం పొద్దుటికి 67 వచ్చింది. పెద్ద డాక్టరు రౌండుకి వచ్చి మానిటర్ చూసి, "ప్రెషర్ మెయింటైన్ అవుతోంది, గుడ్" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. నలభై సెకన్లు. నేను లెక్కపెట్టాను.

నాకు గుడ్ అనిపించలేదు. కారణం చెప్తా. మా కాలువకి ఇంజనీర్లు వచ్చినప్పుడు జీపు లాకుల దగ్గరే ఆగుతుంది. గేజి చూస్తారు, నిండుగా ఉంటే సంతకం పెట్టి వెళ్తారు. శివారు భూములు, అంటే కాలువ చిట్టచివరి పొలాలు చూడాలంటే గట్టు మీద ఇరవై ముప్పై కిలోమీటర్లు పోవాలి. ఎవడూ పోడు. అక్కడి రైతు ఎండిన నారు పట్టుకుని ఆఫీసుకి వస్తే, గేజి నిండుగానే ఉందయ్యా అంటారు. నేనూ అన్నాను ఆ మాట, దాచుకోవడమెందుకు. ఆ పొద్దున మంచం కింద వేలాడుతున్న యూరిన్ బ్యాగు చూశాను. గంటకి ఎంతొచ్చిందని సిస్టరుని అడిగితే ఎనిమిది ఎంఎల్ అంది. ఆవిడ బరువుకి ముప్పై దాకా రావాలట. ఇది శివారు. అక్కడికి నీళ్లు రావడం లేదు, లాకుల దగ్గర మాత్రం 67.

సాయంత్రం ఐదు నిమిషాల విజిటింగ్‌లో ఎవరూ ఏమీ చెప్పలేదు. రాత్రి రెండింటికి మాత్రం నా పేరు పిలిచారు. కాళ్లలో వణుకుతో లోపలికి వెళ్లాను. నైటు డ్యూటీ డాక్టరమ్మ, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, దుప్పటి మోకాళ్ల దాకా తీసి టార్చి వేసింది. మోకాళ్ల చుట్టూ ఊదారంగు వల అల్లినట్టు మచ్చలు. "బాబాయ్ గారూ, ఇది చూడండి" అని, చిన్న గాజుపలకతో మా ఆవిడ చూపుడువేలి కొసని పది సెకన్లు నొక్కి వదిలింది. తెల్లబడిన చోటు ఎర్రబడటానికి ఆరు సెకన్లు పట్టింది. "మూడు లోపు రావాలి. ప్రెషర్ వచ్చింది గానీ చివరికి రక్తం చేరడం లేదు. అందుకని మందులు మారుస్తున్నాను, మీకు తెలియాలని పిలిచాను."

ఆ అమ్మాయి కోసమే ఈ రివ్యూ సగం రాస్తున్నా. గాజుపలక ఖరీదు ఎంత ఉంటుంది? పక్కనే లక్షల మానిటర్ ఉంది. తర్వాత మేనకోడలు చెప్పింది, ఈ వేలి పరీక్ష ఆషామాషీ కాదని, రక్తంలో లాక్టేటు (కండలకి రక్తం అందనప్పుడు పెరిగే పదార్థం) చూసి వైద్యం చేయడమా, ఇలా వేలు నొక్కి చూసి చేయడమా అని 424 మంది మీద పోల్చిన పరీక్ష 2019లో అచ్చయిందని, వేలు నొక్కడం ఏమీ వెనకబడలేదని. ఇప్పుడు నేను ఎవరిని పలకరించడానికి వెళ్లినా వాళ్ల గోరు నొక్కుతున్నానని ఇంట్లో తిడుతున్నారు.

డాక్టరమ్మ ఆ రాత్రి ఏం చేసిందంటే, ముందు కాళ్లు పైకెత్తి చూసింది, ఇంకా సెలైన్ పడితే గుండె తోడగలదా అని. స్కాన్ పెట్టి గుండె చూసింది. కొంచెం మాత్రమే సెలైన్ ఇచ్చింది. ఎందుకంటే ఇంకో సమస్య ఉంది. ఈ జబ్బులో షట్టర్లే కాదు, గట్లు కూడా ఊరతాయి. రక్తనాళపు లోపలి పొర చెడి, పోసిన నీళ్లు బయటికి కారి కండల్లో నిలబడతాయి. మూడో రోజుకి మా ఆవిడ బరువు 65 కిలోలు. మొహం గుర్తుపట్టలేకపోయాను. గట్టు ఊరుతుంటే పైనుంచి నీళ్లు పెంచడం ఎంత తెలివితక్కువో మాకు తెలుసు.

తర్వాత నోరాడ్ ఇంకా పెంచుకుంటూ పోకుండా వాసోప్రెసిన్ జోడించింది. ఒంట్లో ఉన్న సొంత వాసోప్రెసిన్ మొదటి గంటల్లో విపరీతంగా ఖర్చయి, తర్వాత అడుగంటుతుందట. కాబట్టి అది ఒకరకంగా అప్పు తీర్చడమే. గంటకి రెండు యూనిట్ల లోపు చాలు. దానితోపాటు ఆరు గంటలకోసారి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్. అది ఇస్తే మొండికేసిన కండరం నోరాడ్ మాట మళ్లీ వినడం మొదలుపెడుతుందట. ఆసుపత్రికి వచ్చినప్పుడు లాక్టేటు 5.8, ఆ రాత్రి 4.9. నేను ఆ అంకె పట్టుకుని కూర్చుంటే మేనకోడలు మందలించింది. రక్తం అందక మాత్రమే కాదు, ఒంట్లో అడ్రినలిన్ పొంగినా లాక్టేటు పెరుగుతుంది మామయ్యా, ఒక్క గేజినే నమ్మకండి అని.

ఇక్కడ నాకో పెద్ద సందేహం వచ్చింది. ఇంత గొడవకీ మూలం ఆ వాయువే అయినప్పుడు దాన్ని పుట్టకుండా ఆపేస్తే సరిపోదా? అడిగాను. అంది కదా, "చేశారు మామయ్యా. ఆ వాయువు తయారీని ఆపేసే మందు కనిపెట్టి 797 మంది మీద పరీక్షించారు. బీపీ చక్కగా లేచింది. కానీ చనిపోయేవాళ్లు పెరిగారు. మధ్యలోనే ఆపేశారు. 2004లో ఫలితాలు అచ్చేశారు."

నేను ఈ సంగతి చాలామందికి చెప్పాను, ఇక్కడా చెప్తున్నా. ఎందుకంటే నా ఉద్యోగమంతా ఒక్క వాక్యంలో ఉంది అందులో. అన్ని తూములూ ఎత్తేశారని కోపమొచ్చి అన్నీ దించేస్తే గేజి నిండుతుంది, శివారులో వరి ఎండుతుంది. వెంట్రుకంత నాళాల్లో రక్తం అంటుకోకుండా, గడ్డకట్టకుండా జారేలా చూసేది కూడా ఆ చిటికెడు వాయువేనట. ఇన్ఫెక్షన్ ఇలా ఒళ్లంతా పాకే ఈ జబ్బులో (సెప్సిస్ అంటారు) ఒకచోట వరదలా పోతుంటే పక్కనే ఉన్న పిల్లబోదెలు రక్తకణాలు బిరుసెక్కి, చిన్న గడ్డలు అడ్డంపడి మూసుకుపోతాయి. రక్తం అడ్డదారిన జారిపోయి వెనక్కి వచ్చేస్తుంది. పొలం తడవదు. చెడ్డ వాయువూ మంచి వాయువూ ఒకటే, పుట్టే చోటూ కొలతా వేరు. అలాంటప్పుడు అన్నిటికీ కలిపి ఒక్క షట్టరు పెడితే ఎలా కుదురుతుంది?

కిడ్నీ విషయం ఇంకా విచిత్రం. దానికి రక్తం తగ్గకుండా అందుతున్నా వడపోత ఆగిపోవచ్చట. వడపోతగిన్నెకి లోపలికొచ్చే నాళం, బయటికి పోయే నాళం అని రెండు ఉంటాయి. బయటికి పోయేది మరీ వదులైపోతే గిన్నెలో ఒత్తిడి నిలవదు, నీరు వడకట్టకుండానే దాటిపోతుంది. యాంజియోటెన్సిన్ పని ఆ బయటి నాళాన్ని కాస్త బిగించి ఉంచడం. దాన్నే మందుగా అమెరికాలో 2017లో అనుమతించారు. మా ఆవిడకి అది వాడలేదు, అవసరమూ రాలేదు.

గురువారం పగలు ఇంకో కంగారు. షట్టర్లు బిగించే మందు ఎక్కువైతే వేళ్ల కొసలకి రక్తం ఆగుతుంది. ఎడమకాలి రెండో వేలు నల్లబడుతూ, ఉబ్బిపోయి, మెట్టె కండలో కూరుకుపోయింది. ఒక మలయాళీ సిస్టరు, తెలుగు అంతంతమాత్రం, ఆ వేలు చూసి పరుగెత్తుకొచ్చి, "అంకుల్, ఇది కట్ చెయ్యాలి, పర్మిషన్ ఇవ్వండి" అంది. నేను వేలు అనుకున్నాను. గుండె జారిపోయింది. ఆమె చూపించింది మెట్టెని. కట్టరుతో కోసి, రెండు ముక్కలూ ప్లాస్టిక్ కవర్లో వేసి పేరు రాసి చేతికిచ్చింది. పెళ్లినాటి వెండి మెట్టె. ముప్పై ఎనిమిదేళ్లు.

శుక్రవారం తెల్లవారుజామున బ్యాగులో గంటకి ముప్పై ఐదు. శనివారం నోరాడ్ మూడు మీదకి దిగింది, ఆదివారం ఆపేశారు. లాక్టేటు 1.6. కల్చర్లో ఈ-కోలై అనే బాక్టీరియా వచ్చింది, మొదట వేసిన యాంటీబయాటికే పనిచేసేదని తేలింది. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 3.4 దాకా వెళ్లి 1.2కి దిగింది, డయాలసిస్ తప్పింది. వేలు కొస నలుపు తోలులా ఊడిపోయి కింద గులాబీరంగు చర్మం వచ్చింది. ఎనిమిదో రోజు కళ్లు తెరిచి నన్ను చూసి అన్న మొదటి మాట, "గడ్డం చేసుకోలేదేంటండీ?"

బిల్లు సంగతి త్వరగా ముగిస్తా, తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. గ్లౌజులకి ఒక్కదానికే పద్దెనిమిది వేలు వేశారు. అడిగితే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అన్నారు. చెయ్యి కడుక్కోకుండా మంచం నుంచి మంచానికి పోయిన ఇద్దర్ని నేనే చూశాను. వివరాలు రాసిమ్మంటే ఆరువేలు తగ్గించారు. అంటే ఆరువేలు ముందు ఎందుకు వేసినట్టు? వెయిటింగ్ హాల్లో ఇరవై రెండు కుర్చీలు, నలభై మందికి పైగా జనం, రాత్రి ఏసీ ఆపమంటే రిమోట్ సెక్యూరిటీ దగ్గర ఉందంటారు, సెక్యూరిటీ నిద్రపోతుంటాడు. క్యాంటీన్ ఇడ్లీ పర్లేదు. కాఫీ గురించి మాట్లాడను.

మీ వాళ్లెవరైనా ఇలాంటి చోట ఉంటే బీపీ ఎంత అని అడిగి ఊరుకోకండి. యూరిన్ గంటకి ఎంత వస్తోంది, మోకాళ్లు ఎలా ఉన్నాయి, గోరు నొక్కితే రంగు ఎంతసేపట్లో వస్తోంది, నోరాడ్ పెరుగుతోందా తగ్గుతోందా, ఇవి అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. నేను రోజూ పొద్దున సిస్టరుని అడిగి జేబు పుస్తకంలో రాసుకున్నాను, పాత లెవెల్ బుక్కులాగా. ఐదో రోజు నుంచి వాళ్లే నన్ను చూడగానే అంకెలు చెప్పడం మొదలుపెట్టారు.

స్టార్లకి వస్తే, మొదటి గంటకీ అర్ధరాత్రి స్టెంటుకీ ఐదు. నైటు డాక్టరమ్మకీ మలయాళీ సిస్టరుకీ ఐదు, ఆరు ఉంటే ఆరు. పొద్దుటి రౌండుకి రెండు. కౌన్సెలింగ్ గదికి ఒకటి, అదీ కుర్చీ ఉన్నందుకు. బిల్లుకి ఒకటిన్నర. సరాసరి తీస్తే మూడుకి దగ్గర్లో వస్తుంది. మనిషి ఇంట్లో తిరుగుతోంది కాబట్టి మూడున్నర వేస్తున్నా.

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ సోఫాలో కాళ్లు చాపుకుని వింది. నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర రెండుసార్లు ఆవలించింది. చివర్లో, "మెట్టె కోసేసినందుకు ఒక స్టారు తీసెయ్యండి" అంది. అది కొయ్యకపోతే వేలే పోయేదే అన్నాను. "వేలు నాది, మెట్టె మా అమ్మ పెట్టింది" అంది. తెనాలిలో కంసాలి ఆ రెండు ముక్కల్నీ కరిగించి మళ్లీ చేస్తానన్నాడు, గురువారం రమ్మన్నాడు. అప్పటిదాకా మూడున్నరే ఉంచుతున్నా.